ఒకే బ్యాట్‌మ్యాన్, వేర్వేరు గీతలు

1986 నుంచి 1989 దాకా అమెరికాలో డీసీ కామిక్స్ సంస్థ ప్రచురించిన బ్యాట్‌మ్యాన్ కథల్లో నాలుగు ఇప్పటికీ పునర్ముద్రణ పొందుతున్నాయి: ‘ది డార్క్ నైట్ రిటర్న్స్’ (1986), ‘ఇయర్ వన్’ (1987), ‘ది కిల్లింగ్ జోక్’ (1988), ‘ఆర్కమ్ అసైలమ్’ (1989). నాలుగింటిలోనూ వీరుడు ఒకడే. చిన్నతనంలో కళ్లముందే ఒక దొంగ తుపాకికి అమ్మానాన్నలను పోగొట్టుకున్న సంపన్నుడు, పెద్దయ్యాక గబ్బిలం ముసుగు తొడుక్కుని గోథమ్ నగరంలో నేరస్తులను వేటాడతాడు. ఊరూ అదే, ముసుగూ అదే. అయినా ఒక పుస్తకం మూసి రెండోది తెరిస్తే వేరే లోకంలో కాలు పెట్టినట్టు ఉంటుంది. రచయిత మారినందువల్ల అనుకుందామంటే, మొదటి రెండింటినీ రాసింది ఫ్రాంక్ మిల్లర్ ఒక్కరే. మొదటిదానికి బొమ్మలు కూడా ఆయనే వేశారు. రెండోదానికి డేవిడ్ మజుకెల్లి వేశారు. మూడోది బ్రయన్ బోలండ్ గీసినది. నాలుగోదానికి డేవ్ మెకీన్ రంగుల చిత్రాలు, ఫొటోలు, అతికింపులు కలిపి పేజీలు తయారుచేశారు.

ఇలాంటి పోలికకు వీలుండటం సూపర్‌హీరో కథల ప్రత్యేకత. నవలలో పాత్ర ఒక్క రచయితది. ఇక్కడ పాత్ర సంస్థ సొత్తు. 1939లో బాబ్ కేన్, బిల్ ఫింగర్ పుట్టించిన బ్యాట్‌మ్యాన్‌ను ఆ తర్వాత తరాల తరబడి చిత్రకారులు ఎవరికి తోచిన తీరులో వాళ్లు గీస్తూ వచ్చారు. పాత్ర నిలకడగా ఉండి గీత మారుతూ ఉండటంవల్ల, చదివేవాళ్ల ఆనందంలో గీత వాటా ఎంతో గమనించే అవకాశం కలుగుతుంది. గమనించాక తేలేదేమిటంటే, బొమ్మ ఎంత అచ్చంగా మనిషిలా ఉందన్నది ఇందులో చిన్న విషయం. అది చూపును ఎక్కడ ఆపుతుంది, ఎంతసేపు ఆపుతుంది, పాఠకుడితో ఎంత పని చేయిస్తుంది, ఆ పని ఈ కథకు తగినదేనా అన్నవి అంతకన్నా పెద్ద విషయాలు.

‘బొమ్మలు బాగున్నాయి’ అనే మాట వెనక సాధారణంగా నలుగురి పని ఉంటుంది. అమెరికన్ కామిక్స్ సంప్రదాయంలో ఒకరు పెన్సిల్‌తో గీస్తారు. ఇంకొకరు దానిమీద సిరాతో గీతకు లావూ సన్నమూ ఇస్తారు. మూడోవారు రంగులు వేస్తారు. నాలుగోవారు మాటల బుడగల్లో అక్షరాలు రాస్తారు. ‘డార్క్ నైట్’లో పెన్సిల్ మిల్లర్‌ది, సిరా చాలావరకు క్లౌస్ జాన్సన్‌ది, రంగులు లిన్ వార్లీవి, అక్షరాలు జాన్ కోస్టాంజావి. పాఠకుడు వీటిని విడదీసి చూడడు. ఎవరి పని దెబ్బతిన్నా నింద మాత్రం పెన్సిల్ పట్టినవారికే పోతుంది.

కొన్ని గీతలే ఎందుకు చాలతాయి

కంటికి ఎదురయ్యే ప్రపంచంలో వస్తువుల చుట్టూ నల్లటి గీతలేమీ ఉండవు. అయినా నాలుగు గీతలు చూడగానే ముఖమని తెలిసిపోతుంది. దీనికి మూలం మెదడు చూపును అందుకునే తీరులో ఉంది. డేవిడ్ హ్యూబెల్, టోర్‌స్టెన్ వీజెల్ అనే శాస్త్రవేత్తలు మెదడు వెనకభాగంలోని దృశ్యకేంద్రంలో, ఒక ప్రత్యేకమైన వాలులో ఉన్న అంచులకూ గీతలకూ మాత్రమే గట్టిగా స్పందించే కణాలను కనిపెట్టారు. 1981లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. వెలుగు చీకటిగా మారే అంచు దగ్గరే దృశ్యంలో సమాచారం ఎక్కువ. చిత్రకారుడు గీసే గీత ఆ అంచుకు బదులుగా నిలబడుతుంది.

ఇది బొమ్మల పుస్తకాలు చూసి నేర్చుకున్న అలవాటేమో అన్న అనుమానం రావడం సహజం. 1962లో జూలియన్ హోక్‌బర్గ్, వర్జీనియా బ్రూక్స్ ప్రకటించిన ఒక పరిశీలన దానికి జవాబిచ్చింది. ఒక పసివాడిని 19 నెలల వయసు వచ్చేదాకా వీలైనంతవరకు బొమ్మలు కంటపడకుండా పెంచారు. వస్తువుల పేర్లు నేర్పారు గానీ బొమ్మను చూపి ఇది ఫలానా అని చెప్పలేదు. తర్వాత గీతల బొమ్మలు చూపిస్తే పిల్లవాడు వాటిలోని వస్తువులను పేరుపెట్టి చెప్పాడు. పిల్లవాడు ఒక్కడే కాబట్టి దీనిమీద మరీ పెద్ద భవనం కట్టలేం. అయినా గీతను పోల్చుకోవడానికి ప్రత్యేక శిక్షణ అక్కర్లేదన్నంతవరకు ఇది బలమైన సాక్ష్యమే.

అసలు ఆశ్చర్యం 1956 నాటి ఒక ప్రయోగంలో ఉంది. రయన్, ష్వార్ట్జ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేయి, విద్యుత్ స్విచ్ వంటివాటిని నాలుగు రూపాల్లో రెప్పపాటు కాలం చూపించారు: ఫొటో, నీడలు దిద్దిన బొమ్మ, కొలతలు తప్పని గీతల బొమ్మ, కార్టూన్. వేళ్లు ఏ భంగిమలో ఉన్నాయో, మీట ఎటు ఉందో చెప్పమన్నారు. అన్నిటికన్నా తక్కువ వ్యవధిలో పోల్చుకోగలిగింది కార్టూన్‌ను. కొలతలు తప్పని గీతల బొమ్మకు అన్నిటికన్నా ఎక్కువ వ్యవధి పట్టింది. అంటే గీతలు తగ్గించడమే చాలదు, అవసరమైనదాన్ని పెంచి చూపాలి. 1987లో జిలియన్ రోడ్స్ బృందం ముఖాలతో ఇదే విషయం చూపింది. తెలిసిన మనుషుల ముఖాలను ఉన్నదున్నట్టు గీసినప్పటికన్నా, వారి ప్రత్యేకతలను కాస్త అతిచేసి గీసినప్పుడు జనం త్వరగా పోల్చుకున్నారు.

సూపర్‌హీరో ఆహార్యమంతా ఈ సూత్రంమీదే నడుస్తుంది, దాన్ని తీర్చిదిద్దినవాళ్లకు ప్రయోగశాలతో పని లేకపోయినా. రెండు కొస చెవులు, అంచులు కోసినట్టున్న అంగీ – ఈ రెండూ ఉంటే చాలు, ముఖం కనబడనవసరం లేదు. నల్లటి మచ్చ కూడా బ్యాట్‌మ్యానే. ‘ఇయర్ వన్’లో మజుకెల్లి ఈ వెసులుబాటును చివరిదాకా వాడుకున్నారు. ఆయన గోడకు ఇటుకలన్నీ గీయరు. నాలుగు ఇటుకలు చూపి మిగతాది నల్లసిరాకు వదిలేస్తారు. పోలీసు అధికారి గోర్డన్ ముఖంలో కళ్లజోడు, మీసం, వంగిన భుజాలు తప్ప పెద్దగా ఏమీ ఉండదు గానీ అతని అలసట అట్టేసేపు వెతక్కుండానే అందుతుంది. చూపు ఎక్కడా తట్టుకోదు కాబట్టి కథ వేగంగా సాగుతుంది. పోలీసు నవలలాంటి ఆ కథకు కావలసిందీ ఆ వేగమే.

బోలండ్ దారి దీనికి పూర్తిగా ఎదురు. ‘కిల్లింగ్ జోక్’లో బ్యాట్‌మ్యాన్ శత్రువు జోకర్ పళ్లకున్న చిగుళ్ల దగ్గర్నుంచి కోటుమీది ముడతల దాకా ప్రతిదీ సన్నని, తొణకని గీతతో చెక్కినట్టు ఉంటుంది. కథ 46 పేజీలే. ఆ కాస్తా గీయడానికి ఆయనకు ఏళ్లు పట్టింది. ఇంత వివరం ఉంటే చూపు నెమ్మదిస్తుంది, ముఖాల దగ్గర ఆగిపోతుంది. ఇద్దరు మనుషులు ఒకరినొకరు తేరిపార చూసుకోవడమే ముఖ్యమైన కథ కాబట్టి ఆ నెమ్మది ఇక్కడ భారం కాలేదు. అదే గీతతో ‘ఇయర్ వన్’లోని వెంటాడే దృశ్యాలు గీసి ఉంటే గడి గడికీ బ్రేకు పడేది.

స్కాట్ మక్లౌడ్ 1993లో తెచ్చిన ‘అండర్‌స్టాండింగ్ కామిక్స్’లో ఇంకో ఊహ ప్రతిపాదించారు. ముఖం ఎంత సరళంగా ఉంటే పాఠకుడు అందులో తనను తాను అంత సులువుగా చూసుకుంటాడని, వివరంగా గీసిన ముఖం ఎవరో పరాయి మనిషిదిగా తోస్తుందని ఆయన వాదన. ఇది చిత్రకారుడి అనుభవంలోంచి వచ్చిన ఊహే తప్ప ప్రయోగాల్లో గట్టిగా నిగ్గుతేలిన సిద్ధాంతం కాదు. అయినా కనుపాపలు లేని తెల్లటి కళ్లు, సగం ముఖం కప్పిన ముసుగు ఉన్న వీరులు ఇంతకాలం ఎందుకు చెల్లుబాటయ్యారో ఆలోచించేటప్పుడు దాన్ని పక్కన పెట్టలేం.

కదలని కాగితంమీద కదలిక

సూపర్‌హీరో కథ కొట్లాట లేకుండా పూర్తికాదు. కాగితం కదలదు. ఈ చిక్కును అందరికన్నా బాగా విప్పినవారు జాక్ కర్బీ. 1961లో స్టాన్ లీతో కలిసి ‘ఫెంటాస్టిక్ ఫోర్’ మొదలుపెట్టిన కర్బీ శరీరశాస్త్రం ప్రకారం మనుషులను గీయలేదు. పాఠకుడివైపు దూసుకొచ్చే పిడికిలిని తలకన్నా పెద్దదిగా, వెనకకాలిని దూరంగా చిన్నదిగా గీశారు. దెబ్బ తగిలిన క్షణాన్ని కాకుండా దానికి రవ్వంత ముందో వెనకో ఉన్న భంగిమను ఎంచుకున్నారు. శక్తి పెల్లుబికే చోట నల్లటి చుక్కల గుంపులు వేశారు. ఆ చుక్కలకు ఇప్పుడు ఆయన పేరే ఉంది.

ఈ ఉపాయాలు పనిచేయడానికి కారణాలు తర్వాతి దశాబ్దాల్లో ఒక్కొక్కటిగా తెలిశాయి. 1983లో జెనిఫర్ ఫ్రెయ్డ్, కదలిక మధ్యలో తీసిన ఫొటో చూసినవారి మనసు ఆ కదలికను కొంచెం ముందుకు నడిపిస్తుందని చూపించారు. తర్వాతి క్షణం ఫొటోను ముందు చూసినదే అని పొరబడటం, మునుపటి క్షణం ఫొటోను అలా పొరబడటంకన్నా తేలిక. 2000లో జోయి కుర్ట్జీ, నాన్సీ కాన్విషర్ మెదడు స్కానింగ్‌తో ఇంకో మెట్టు ఎక్కారు. నిజమైన కదలికను గుర్తించే మెదడు భాగం, కదలికను సూచించే నిశ్చలచిత్రానికి కూడా మామూలు చిత్రానికన్నా ఎక్కువగా స్పందించింది. వేగాన్ని చూపడానికి వెనక లాగే గీతల సంగతీ ఉంది. వేగంగా పోయే వస్తువు కంటిమీద చారలాంటి జాడ వదులుతుందనీ, ఆ జాడను దృశ్యవ్యవస్థ దిశ తెలుసుకోవడానికి వాడుకుంటుందనీ విల్సన్ గైస్లర్ 1999లో ప్రతిపాదించారు. అంటే కామిక్స్‌లోని వేగరేఖలు కేవలం ఒప్పందంమీద నిలిచిన గుర్తులు కాకపోవచ్చు.

ఈ వెలుగులో అలెక్స్ రాస్ బొమ్మలు చూడటం ఆసక్తికరం. ‘మార్వెల్స్’ (1994), ‘కింగ్‌డమ్ కమ్’ (1996) పుస్తకాలకు ఆయన పరిచయస్తులను నిలబెట్టి ఫొటోలు తీసి, వాటి ఆధారంగా గౌష్ రంగులతో చిత్రాలు వేశారు. గుడ్డ మడత, వెలుగు పడిన బుగ్గ, వయసు మళ్లిన సూపర్‌మ్యాన్ నెరిసిన జుట్టు – అన్నీ నిజంగా ఉన్నట్టే తోస్తాయి. మొదటిసారి చూసినప్పుడు కలిగే విస్మయం చిన్నది కాదు. కానీ నిలబెట్టి తీసిన ఫొటోలోని మనిషి నిజంగా దూకడం లేదు, దూకే భంగిమలో ఉన్నాడు. అందుకే కొట్లాట దృశ్యాల్లో రాస్ మనుషులు కాస్త బిగుసుకుపోయినట్టు కనిపిస్తారన్న విమర్శ ఉంది. అది అన్యాయమైన విమర్శేమీ కాదు. అయితే ‘మార్వెల్స్’లో ఈ లోపమే గుణమైంది. ఆ కథ చెప్పేది ఫిల్ షెల్డన్ అనే పత్రికా ఫొటోగ్రాఫర్. మామూలు మనిషి నేలమీద నిలబడి ఆకాశంలో ఎగిరేవాళ్లను చూసి నోరెళ్లబెట్టే కథకు కెమెరా కంటిలాంటి చిత్రాలు అతికినట్టు సరిపోయాయి. రచయిత కర్ట్ బ్యూసెక్ కథనూ చిత్రకారుడి తీరునూ కలిపి ఆలోచించినట్టు ప్రతి పేజీలోనూ తెలుస్తుంది.

వాస్తవికతకూ కర్బీ అతిశయానికీ మధ్య మూడో దారి ఫ్రాంక్ క్వైట్లీది. ‘ఆల్-స్టార్ సూపర్‌మ్యాన్’ (2005–08)లో సూపర్‌మ్యాన్, క్లార్క్ కెంట్ ఒక్కరేనని ఎవరూ పోల్చుకోరన్న పాత విడ్డూరాన్ని ఆయన కళ్లజోడుమీద వదిలేయలేదు. క్లార్క్ వంగిన వీపుతో, వదులు కోటుతో, ఎదురొచ్చినదాన్నల్లా తగులుకుంటూ నడుస్తాడు. అదే శరీరం సూపర్‌మ్యాన్‌గా వీపు నిటారుగా పెడితే వేరే మనిషి. ఎన్ని మాటలు రాసినా పాఠకుణ్ని నమ్మించలేని విషయం నడుము వంపుతో నమ్మించారు.

గడులు, కాలం

కామిక్స్‌లో కాలం స్థలంగా మారుతుంది. గడి వెడల్పు, గడుల సంఖ్య, మధ్యనున్న సందు – ఇవన్నీ వ్యవధిని సూచిస్తాయి. మిల్లర్ ‘డార్క్ నైట్’ పేజీని నాలుగు వరసల్లో నాలుగేసి చొప్పున 16 చిన్న గడులుగా విభజించుకున్నారు. ఇది సంగీతంలో తాళంలాంటిది. లెక్క మనసులో పడ్డాక దాన్ని ఎక్కడ కలిపినా, ఎక్కడ విరిచినా తెలుస్తుంది. బ్యాట్‌మ్యాన్ ముసుగు వెనకున్న 55 ఏళ్ల బ్రూస్ వేన్‌కు తల్లిదండ్రుల హత్య గుర్తొచ్చే చోట ఈ గడులు ఒక్క క్షణాన్ని ముక్కలు ముక్కలుగా కోస్తాయి. తుపాకి, చేయి, తల్లి మెడలోని ముత్యాల దండ, తెగి రాలుతున్న ముత్యాలు. మాటలు లేవు. కొన్ని సెకన్లలో ముగిసే సంఘటనను పాఠకుడు అంతకన్నా ఎక్కువసేపు చూస్తాడు. కొన్ని పేజీలపాటు ఇలా ఇరుకులో నడిపించి, ఆ తర్వాత పేజీ మొత్తాన్ని ఒకే బొమ్మకు ఇచ్చినప్పుడు ఆ బొమ్మ దానికున్న కొలతకన్నా పెద్దదిగా తోస్తుంది. మిల్లర్ మనుషుల శరీరాలు మొరటుగా, దిమ్మల్లా ఉంటాయి. విడిగా చూస్తే కొన్ని వికారంగా కూడా ఉంటాయి. పుస్తకంగా చదివేటప్పుడు అది పట్టింపులోకి రాదు.

అదే కాలంలో వచ్చిన ‘వాచ్‌మెన్’ (1986–87)లో డేవ్ గిబ్బన్స్ తొమ్మిది గడుల పద్ధతి పాటించారు. ఆయన గీత ఎక్కడా ఆవేశపడదు. వేగరేఖలు, ధడేల్ ఫడేల్ అనే శబ్దాక్షరాలు, ఆలోచనల బుడగలు దాదాపు ఉండవు. సూపర్‌హీరోలు నిజంగా ఉంటే లోకం ఎలా చెడుతుందో లెక్కగట్టి చూపే అలన్ మూర్ కథకు సాక్షివాంగ్మూలంలాంటి ఈ నిదానం తప్పనిసరి. కర్బీ ఉత్సాహంతో గీసి ఉంటే వీరులమీద అనుమానం పుట్టడానికి బదులు అభిమానం పుట్టేది.

గడికీ గడికీ మధ్య ఖాళీని పాఠకుడే పూరించుకుంటాడు. ఇది ఎంత కష్టమో తేలికో మెదడు తరంగాల్లో కొలవవచ్చు. 2012లో నీల్ కోన్ బృందం ‘పీనట్స్’ హాస్యచిత్రాల గడులను ఒకసారి వరస తప్పకుండా, ఇంకోసారి కలగాపులగం చేసి చూపించింది. అర్థం పోల్చుకోవడం కష్టమైనప్పుడు పెరిగే ఎన్400 అనే మెదడు స్పందన, వరస చెడిన బొమ్మలకు ఎక్కువగా, సవ్యంగా కూర్చిన కథకు తక్కువగా కనిపించింది. వాక్యంలో మాటలు వరస తప్పినప్పుడు వచ్చే స్పందన కూడా ఇదే. కనక ఒక చిత్రకారుడి పేజీ ‘సాఫీగా చదవబడుతుంది’ అనడం ఉత్త అభిరుచి మాట కాదు.

రంగు: ఒక పుస్తకం, రెండు ప్రతులు

1980ల దాకా కామిక్స్ నాసిరకం న్యూస్‌ప్రింట్‌మీద అచ్చయ్యేవి. నీలం, గులాబి, పసుపు సిరాలను ఒక్కొక్కదాన్ని పూర్తిగానో, సగమో, పావో వాడటం, లేదా అసలు వాడకపోవడం – ఈ నాలుగు స్థాయిల కలయికలతో వచ్చేవి 64 రంగులే. నలుపు గీతకు వేరు. కాగితం బూడిదవన్నెలో ఉండి సిరాను పీల్చేసేది కాబట్టి రంగులను కావాలనే గాఢంగా ఎంచుకునేవారు. వీరులకు ఎరుపు, నీలం, పసుపు, దుష్టులకు ఆకుపచ్చ, ఊదా అనే ఆనవాయితీకి ఈ పరిమిత రంగులపెట్టె బాగా ఉపకరించింది. పాత కథలను అవే రంగులతో తెల్లటి నున్నటి కాగితంమీద తిరిగి అచ్చువేస్తే కళ్లు చెదురుతాయి. పాత బొమ్మలు ముతకవన్న అభిప్రాయంలో కొంత ఈ కాగితం మార్పు పుణ్యమే.

‘కిల్లింగ్ జోక్’ విషయంలో రంగు ప్రభావాన్ని విడిగా తూచే వీలు అనుకోకుండా ఏర్పడింది. 1988లో దానికి రంగులు వేసింది జాన్ హిగ్గిన్స్. ‘వాచ్‌మెన్’కు ఊదా, నారింజ, ఆకుపచ్చల మేళవింపు కూర్చింది కూడా ఆయనే. 2008లో 20 ఏళ్ల ప్రత్యేక సంచికకు బోలండ్ తానే కొత్తగా రంగులు వేశారు. గీతలు అవే, మాటలు అవే. హిగ్గిన్స్ పేజీలు పసుపు, నారింజ, ఊదాలతో జ్వరం వచ్చినట్టు మండుతాయి. బోలండ్ పేజీలు చల్లగా, బూడిదగా ఉంటాయి. జోకర్ గతాన్ని చెప్పే పేజీలను దాదాపు నలుపు తెలుపులోకి మార్చి, అక్కడక్కడా ఒక్కో వస్తువుకు మాత్రం ఎరుపు మిగిల్చారు. బ్యాట్‌మ్యాన్ ఛాతీమీది పసుపు వలయాన్ని కూడా తీసేశారు.

ఈ మార్పులు పాఠకుడిమీద ఎలా పనిచేస్తాయో ఊహించడానికి రెండు అధ్యయనాలు ఉపయోగపడతాయి. వాల్డెజ్, మెహ్రాబియన్ 1994లో చూపిన ప్రకారం రంగు గాఢత పెరిగేకొద్దీ చూసేవారిలో ఉద్రేకం పెరుగుతుంది. ఆహ్లాదం ఎక్కువగా రంగు వెలుగుమీద ఆధారపడుతుంది. రెండోది ఆన్ ట్రీస్మన్ 1980 నుంచి చేసిన పని. ఒకే లక్షణంలో తేడా ఉన్న వస్తువు, అంటే బూడిద వస్తువుల నడుమ ఎర్రనిది, వెతక్కుండానే కంటపడుతుంది. కాబట్టి బోలండ్ రంగుల్లో గతం పేజీలు చదివేవాడి చూపు ఎరుపు దగ్గరికే పోతుంది, రాబోయే ప్రమాదం ఎక్కడుందో వాచ్యంగా చెప్పకుండానే తెలుస్తుంది. ఆ మేరకు కథ స్పష్టమైంది. కానీ గోర్డన్‌ను హింసించే పాడుబడిన వినోదపార్కు పేజీల్లో హిగ్గిన్స్ వెర్రి రంగులు చేసిన పని బోలండ్ చల్లదనం చేయలేదు. మొదటి ప్రతిలో పాఠకుడు జోకర్ పిచ్చి లోపల తిరుగుతాడు. రెండోదానిలో దాన్ని బయట నిలబడి చూస్తాడు. ఏది మేలన్న విషయంలో పాఠకులు ఇంకా రెండు పక్షాలుగానే ఉన్నారు. అలా ఉండటమే సహజం, ఎందుకంటే వాళ్లు పోలుస్తున్నది రెండు వేర్వేరు అనుభవాలను.

‘ఇయర్ వన్’కూ ఇలాంటి చరిత్రే ఉంది. నెలవారీ సంచికలకు చదును రంగులు వేసిన రిచ్‌మండ్ లూయిస్, పుస్తకరూపానికి మంచి కాగితం దొరకగానే మళ్లీ మొదటినుంచీ రంగులు వేశారు. అక్కడ వివాదం లేదు. మజుకెల్లి సిరా నీడలే ప్రధానంగా ఉండి రంగు వాటికి ఒదిగి నడిచింది.

శ్రమలో ఉన్న సుఖం

సులువుగా అర్థమయ్యేదే నచ్చుతుందా? రోల్ఫ్ రేబర్, నార్బర్ట్ ష్వార్జ్, పయోటర్ వింకిల్మన్ 2004లో ప్రతిపాదించిన సిద్ధాంతం దాదాపు అదే అంటుంది. మెదడు ఒక దృశ్యాన్ని ఎంత సాఫీగా గ్రహిస్తే అది అంత అందంగా తోస్తుంది. అంతకుముందే 1971లో డేనియల్ బెర్లిన్ వేరే బొమ్మ గీశారు. మరీ సరళమైనది విసుగు పుట్టిస్తుంది, మరీ జటిలమైనది తరిమేస్తుంది, ఇష్టం మధ్యలో శిఖరంలా ఉంటుందని ఆయన వాదం. ఈ రెండింటికీ కఠిన పరీక్ష ‘ఆర్కమ్ అసైలమ్’.

గ్రాంట్ మారిసన్ రాసిన ఈ కథలో పిచ్చాసుపత్రిని ఆక్రమించిన నేరస్తుల మధ్యకు బ్యాట్‌మ్యాన్ ఒంటరిగా వెళతాడు. మెకీన్ పేజీల్లో బ్యాట్‌మ్యాన్ మనిషి కాదు, ముఖం సరిగా కనబడని నల్లటి పొడుగాటి నీడ. గడుల అంచులు చెరిగిపోతాయి. రంగు ఎక్కడ ఆగిందో ఫొటో ఎక్కడ మొదలైందో తెలియదు. అక్షరాలు కూడా బొమ్మలో భాగమే. గాస్పర్ సలాడినో బ్యాట్‌మ్యాన్ మాటలను నల్లటి బుడగల్లో తెల్లగా రాశారు. జోకర్ మాటలకు బుడగే లేదు, ఎర్రటి గిలుకుడు రాత నేరుగా బొమ్మమీద పాకుతుంది. చాలామందికి అది చదవడానికే కష్టం. ఎవరు ఎవరిని కొట్టారో తేలడానికి పేజీ రెండుసార్లు చూడాల్సిన చోట్లున్నాయి. కొట్లాటకోసం కొన్నవారికి ఇది నిరాశే. అయితే చదివేవాడి అయోమయం, కథలో బ్యాట్‌మ్యాన్ అయోమయం ఒక్కటే. దృశ్యం సాఫీగా ఉంటే పిచ్చాసుపత్రి ఇంకో భవనంగా మిగిలిపోయేది. ఇక్కడ శ్రమకు ఫలితం ఉంది. ఫలితం లేని శ్రమ కూడా కామిక్స్‌లో తక్కువేమీ కాదు. పేజీ ఆడంబరంకోసం గడులను అడ్డదిడ్డంగా పేర్చి, తర్వాత ఏది చదవాలో బాణం గుర్తుతో చెప్పాల్సి వచ్చే పుస్తకాలు ఆ కోవలోవి.

అలవాటు ఏ మేరకు

ఒకే పేజీ ఇద్దరికి ఒకే శ్రమ ఇవ్వదు. పదేపదే కంటపడినది క్రమేణా నచ్చుతుందని రాబర్ట్ జయాంక్ 1968లో చూపించారు. జపాన్‌లో జున్ నకజావా పరిశీలనల్లో, మాంగా చదివే అలవాటున్నవాళ్ల చూపు పేజీమీద సాఫీగా నడిచింది. అలవాటు లేనివాళ్లు ఎక్కువచోట్ల ఆగినా గుర్తుపెట్టుకున్నది తక్కువే. తెలుగు పాఠకుల్లో పాత తరాలకు బొమ్మల కథ అంటే 1947లో మొదలైన ‘చందమామ’. వడ్డాది పాపయ్య, చిత్ర, శంకర్ వేసిన బొమ్మల్లో కథలోని ఒక్క ఘట్టం నిండుగా నిలబడుతుంది, కథను నడిపే భారం పక్కనున్న వచనానిది. ఆ చూపుతో 16 గడుల పేజీని తెరిస్తే బొమ్మలు చిన్నవిగా, అసంపూర్తిగా తోచడంలో వింత లేదు. అక్కడ బొమ్మ ఘట్టం కాదు, వాక్యంలో ఒక మాట.

అలవాటు రెండంచుల కత్తి. 1984లో బిల్ సిన్‌కెవిచ్ ‘న్యూ మ్యూటంట్స్’ పత్రికను 18వ సంచికనుంచి చేపట్టి, సిరా చిమ్మిన మరకలతో, సాగదీసిన ఆకారాలతో గీసినప్పుడు అప్పటిదాకా నున్నటి బొమ్మలు చూసిన పాఠకుల్లో కొందరు మండిపడ్డారు, కొందరు ఆయనకోసమే కొనడం మొదలుపెట్టారు. 1991లో జిమ్ లీ గీసిన ‘ఎక్స్-మెన్’ మొదటి సంచిక 80 లక్షలకు పైగా ప్రతులు అమ్ముడైంది. దాచుకుని ఎక్కువ ధరకు అమ్ముదామని కొన్నవారు అందులో చాలామంది ఉన్నారు కాబట్టి దాన్ని ఆనందానికి కొలతగా తీసుకోలేం. కానీ సన్నని గీతల అల్లికతో నిండిన ఆ తీరు తర్వాతి దశాబ్దంలో ‘సూపర్‌హీరో బొమ్మ’ అంటే ఇదే అన్నంతగా పాతుకుపోయింది. అందుకే 2001–02లో మిల్లర్, వార్లీ ‘డార్క్ నైట్’కు కొనసాగింపు తెచ్చినప్పుడు, వికృతమైన ఆకారాలు, కంప్యూటర్‌తో వేసిన కటిక రంగులు చూసి మొదటి పుస్తకాన్ని నెత్తిన పెట్టుకున్నవారే తెల్లబోయారు. అభిమానులు ఎదురుచూసింది మిల్లర్ పాత చేతిని. ఆయన అప్పటికి దాన్ని వదిలేశారు.

కళాకృతిమీద అవగాహన పెరిగేకొద్దీ కష్టమైన శైలి కూడా రుచిస్తుందని హెల్ముట్ లేడర్ బృందం 2004లో రూపొందించిన నమూనా చెబుతుంది. గ్రాఫిక్ నవలల్లో ఈ అవగాహన ఎక్కువగా రెండో పఠనంలో కలుగుతుంది. మొదటిసారి కథ లాక్కుపోతుంది, బొమ్మను చూసే తీరిక ఉండదు. ‘వాచ్‌మెన్’ అయిదో అధ్యాయంలో మొదటి పేజీ గడుల అమరిక చివరి పేజీకి అద్దంలో ప్రతిబింబంలా ఉంటుంది. రెండో పేజీ చివరినుంచి రెండోదానికి, అలా నడిమి పేజీల జంట దాకా. తొలిసారి చదివినవారిలో ఎందరి కంట ఇది పడుతుందో సందేహమే. పుస్తకం చేతిలో ఉంటే వెనక్కీ ముందుకీ తిప్పి సరిచూసుకోవచ్చు. ఫోన్ తెరమీద ఒక్కో గడినే పెద్దదిచేసి వరసగా చూపే పద్ధతిలో పేజీ అనేదే కనబడదు కాబట్టి ఆ అమరికకు ఉనికి ఉండదు. కథ మాత్రం ఒక్క మాటా తగ్గకుండా అందుతుంది.